ముక్కు బాకీ

దేవుడికి పెట్టే పువ్వును ముందు మనం వాసన చూడకూడదంటారు. మరి ఆ వాసన ఎవరి కోసం పుట్టించినట్టు అని చిన్నప్పటి నుంచీ నాకొక అనుమానం. ఒకసారి మా నాయనను అడిగితే వీపు మీద జవాబు చెప్పాడు. అప్పటి నుంచి అడగడం మానేశాను, అనుమానపడడం మాత్రం మానలేదు. ఇప్పటికీ దోహాలో మల్లెపూల పొట్లం విప్పేటప్పుడు ఊపిరి బిగబడతాను. ఫ్రిజ్జులో మగ్గి, విమానమెక్కి వచ్చిన ఆ పూలకు వాసనే ఉండదనుకోండి. అయినా నియమం నియమమే.

అలాంటి నన్ను, మా పక్క వాటాలో ఉండే ఇంజనీరు కృష్ణప్రసాద్ గారు బీరులో వేసే పువ్వుల వాసన చూసిపెట్టమన్నారు.

వాటిని హాప్స్ అంటారట. బీరుకు చేదూ వాసనా వాటి వల్లే వస్తాయట. ఎండితే అన్ని రకాలూ ఒకేలా కనిపిస్తాయి, అరచేతిలో నలిపి ముక్కు దగ్గర పెట్టుకుంటే తప్ప తేడా తెలియదు. హైదరాబాదులో ఆయన స్నేహితుడు రత్నాకర్ సొంతంగా బీరు కాచి అమ్ముతున్నాడు. ఇక్కడి ఉద్యోగం వదిలేసి, అందులో హాప్స్ ఎంచే భాగస్వామిగా చేరాలని ఈయన కోరిక. ఖతర్‌లో ఇంట్లో బీరు కాస్తే దేశం దాటడానికి టికెట్టు పోలీసులే చూసిపెడతారు కనుక, ఈయన విద్యంతా పుస్తకాల్లోనే సాగింది. ప్రతి రకం పేరూ, దాని వాసనా కంఠతా వచ్చు. లేనిదల్లా ముక్కు.

ఆ ముక్కు పోవడానికి కారణం మేమే. కరోనా ఏడాది మా ఇంటిల్లిపాదీ జ్వరంతో పడి ఉంటే, రోజూ గుమ్మం దాకా అన్నం తెచ్చిపెట్టింది ఆయనే. తర్వాత ఆయనకూ జ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసనను వెంట తీసుకుపోయింది. అప్పటి నుంచి నేను ఎదురుపడితే చాలు, “రాజేశం గారూ, నా ముక్కు బాకీ ఎప్పుడు తీరుస్తారు?” అంటారు. నవ్వుతూనే అంటారు. అప్పులవాడు నవ్వుతూ అడిగితే ఇంకా భయం.

“రత్నాకర్ అయిదు పొట్లాలు పంపాడండి, పేర్లు రాయకుండా,” అన్నారు ఆ రోజు. “శుక్రవారం వీడియోలో ఏది ఏదో చెప్పాలి. చెప్పలేకపోతే వేరేవాణ్ణి చూసుకుంటాడట. నేనేమో రాజీనామా ఇచ్చేశాను.”

“రాజీనామా ఇచ్చినంక ముక్కు దేవులాడుతున్నరా సారూ?”

“మీది ఉందిగా.”

“నేను శనివారం ఉల్లిగడ్డ గూడ ముట్ట. బీరు పూలు ముట్టాల్నా?”

వంటింట్లోంచి మా ఆవిడ సుమలత అందుకుంది. “ఆయన అన్నం తెచ్చిననాడు మడి సూసుకున్నడా?”

ఇంట్లో శాస్త్రం తెలిసినవాళ్లు ఉండడం వల్ల ఇదీ సుఖం.

శుక్రవారం మా హాల్లోనే ఏర్పాటు చేశాం. కృష్ణప్రసాద్ గారిని వేంకటేశ్వరస్వామి పటం ముందు కూర్చోబెట్టాను. వెనకాల స్వామి కనిపిస్తే రత్నాకర్‌కు నమ్మకం కుదురుతుందని ఆ చోటు నేనే ఎంచాను. భక్తి ఎన్ని రకాలుగా పనికొస్తుందో చూడండి. రత్నాకర్‌కు కనబడేలా పొట్లాలు ఆయన ముందు, ఎదురుగా ఫోను, ఫోను వెనక నేను. నా ముందు అయిదు గిన్నెల్లో ఒక్కో పొట్లంలోంచి తీసిన చిటికెడు పూలు, పక్కన ఇంట్లోని వాసన వస్తువులతో సుమలత సర్దిచ్చిన పళ్లెం. నోరు విప్పకుండా, వచ్చిన వాసనకు దగ్గరగా ఉన్న వస్తువును పైకెత్తడం నా పని.

మొదటి గిన్నెలోది నలిపి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఏ వాసనా లేదు. మళ్లీ నలిపాను. అప్పటికి గుర్తొచ్చింది, పువ్వు కదా, అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టానని.

“ఏంరా, చెప్పవ్?” ఫోనులో రత్నాకర్.

“రంగు చూస్తున్నానురా. రంగు బాగుంది.”

ఇది దేవుడికి పెట్టేది కాదు కదా అని మనసుకు నచ్చజెప్పి, గట్టిగా పీల్చాను. ధూపం వేసిన గదిలా ఉంది. సాంబ్రాణి డబ్బా ఎత్తాను.

“చినూక్,” అన్నారాయన. “బంక వాసన.”

రెండోదానికి మామిడిపండు చూపిస్తే సిట్రా అన్నారు. మూడోదానికి బత్తాయి తొక్క చూపిస్తే కాస్కేడ్. నాలుగోది తడిమన్నులో మిరియాలు కలిపినట్టుంది, మిరియాల సీసా ఎత్తితే ఒక్క క్షణం ఆలోచించి సాజ్ అన్నారు. రత్నాకర్ అన్నిటికీ సై అన్నాడు. నాకే గర్వంగా అనిపించింది. ఏ పుణ్యకార్యంలోనూ ఇంత తొందరగా ఫలితం చూడలేదు.

అయిదోది నలిపాను. ఎండాకాలం డ్యూటీ దిగాక కార్మికుల క్యాంపు గదిలో అందరూ ఒక్కసారే బూట్లు విప్పితే వచ్చే కంపు. పళ్లెంలో దానికి జోడు ఏదీ లేదు. ఆయన నా వైపే చూస్తున్నారు. ఏసీ చలికి ఇంట్లో కూడా సాక్సులేసుకునే అలవాటు నాది. ఒకటి విప్పి పైకెత్తాను.

ఆయన ముఖం వెలిగింది. “ఇది ఏ రకమైనా ఒకటేరా. పాతబడి చెడిపోయింది. పారెయ్.”

“కరెక్టే,” అన్నాడు రత్నాకర్. “గని ప్రసాద్, నీ ఎనక దేవుని పటం అద్దంల ఎవరో సాక్సు లేపి సూపెడుతుండు.”

నేను సాక్సు దించాను. అప్పటికే ఆలస్యమైంది.

“స్వామి ఏదో చెబుతున్నాడేమోరా,” అన్నారు కృష్ణప్రసాద్ గారు నీరసంగా.

“సాక్సుతోనా?”

ఆయన చేతిలోని పొట్లం కింద పెట్టేశారు. తర్వాత ఆయనే అన్నారు. “కరోనా తర్వాత నాకు వాసన రావట్లేదురా. ఆయన మా పక్కింటాయన. చూసింది ఆయన ముక్కు.”

“నాకెర్కనే. పోయినసారి మా ఇంట్ల పాసిపోయిన పప్పు మెచ్చుకుంట తిన్నవ్. నీ నోటితో చెప్తవేమోనని చూసిన. మరి పేర్లు చెప్పింది ఎవరు?”

“నేనే.”

“ఆయనకు సాజ్ అంటే ఎర్కనా?”

“ఆయనకు బీరంటేనే తెలీదు.”

రత్నాకర్ గట్టిగా నవ్వాడు. “ఈడ ముక్కులకు కొదువలేదురా. ఒకడు మామిడిపండంటడు, ఇంకోడు అగరొత్తంటడు. ఆ మాటల్ల నుంచి పేరు పట్టేటోడే లేడు. నువ్వు రా. ఇంకోసారి దొంగేషాలేస్తే మాత్రం ఆ పప్పే పెడ్త.”

ఫోను పెట్టేశాక ఆయన పొట్లాలన్నీ మడిచారు. తర్వాత లేచి, గిన్నెల్లోని పూలన్నీ ఒక సంచిలో వేసుకుని, గుమ్మం దగ్గర ఆగారు.

“రాజేశం గారూ, ముక్కు బాకీ చెల్లు.”

“వడ్డీ గూడనా సారూ?” అని సాక్సు తొడుక్కుంటూ అడిగాను.

వడ్డీ కూడా చేరిందన్నారు.