తెల్ల పంచె కింది వెలుతురు

ఆ పొద్దు ధర్మవరంలోని ఆ ఇంట్లో ఉన్నది మా పెద్దనాయన కూతురు నవీనక్క, ఆమె అత్త రాజేశ్వరమ్మ, మగ్గం గుంటలో బావ శరత్, ఐదు నెలల పిల్లోడు, వేసవి సెలవులకు పెనుకొండ పక్క పల్లె నుంచి వచ్చిన నేను.

రాజేశ్వరమ్మత్త పొద్దున్నే గుడికి పోగానే అక్క నా చెవి దగ్గరకొచ్చింది.

"ఏమే భాగ్యా, పిల్లోని ఫోటో ఒకటి తీయే. నా ఫోన్లో అయితే అత్త చూస్తాది."

కదిరిలో పుట్టెంటికలు తీసేదాకా పిల్లలకు ఫోటో తీయకూడదని ఆ ఇంటి పట్టు. దిష్టి తగులుతుందంట.

"అత్తకు తెలిస్తే?"

"నువ్వు నోరు తెరిచేది దున్నపోతు ఈనినప్పుడు గదా! ఎవరు చెప్తారు?"

ఇంట్లో చీకటి. మిద్దెక్కినాము. అప్పటికే ఎండ చురుక్కుమంటోంది. పిల్లోని నుదుటి నీడ పడి కండ్లు గుంతల్లా కనిపించినాయి. ఆరేసిన ఎర్రచీర నీడలోకి మార్చినాము. ముఖమంతా ఎర్రబారింది.

"నా కొడుకును పండుమిరపకాయ చేసినావు గదే!"

చీర తీసి తీగ మీద బావ తెల్లపంచె వేసినాను. కింద కూడా తెల్లదుప్పటి పరిచినాను. పంచెలోంచి ఎండ పాలు వడగట్టినట్టు దిగింది. పిల్లోడు కండ్లు పూర్తిగా తెరిచి, గాలికి ఊగే పంచె అంచును చూసి నవ్వినాడు. వాని కంటిపాపల్లో ఆ పంచె తెల్లగా మెరిసింది. అప్పుడు నొక్కినాను.

తొలకరి వానలకు నిమ్ము చేసి పిల్లోడు పోయినాడు.

దినాల రోజు అక్క అందరి ముందూ నా చేతులు పట్టుకుని ఏడ్చింది. "వాని ముఖం మరిచిపోతాండానే. ఆ ఫోటో చూపియ్యే."

రాజేశ్వరమ్మత్త ఏడుపు ఆపేసింది. "ఫోటోనా? అందుకేనా నా మనవడు పోయింది? తీసేయ్. నా కండ్ల ముందరే తీసేయ్!"

తీసేసినాను. అక్క నేలకు తల కొట్టుకుంది.

తీసేసిన ఫోటో ఫోన్లో ఇంకొన్నాళ్ళు దాగుంటుందని ఆ ఇంట్లో ఎవరికీ తెలీదు. నేను దాన్ని వెనక్కి తెచ్చుకున్నాను. ధర్మవరంలో అందరూ తెలిసినవాళ్ళే, అందుకని హిందూపురం పోయి ప్రింటు తీయించినాను.

"బలే వెలుతురు పాపా! యాడ తీయించినారు?" అన్నాడు స్టూడియో ఆయన.

"మిద్దె మీద."

"ముఖం ఇంకొంచెం తెల్లగా చేయనా?"

"వద్దన్నా. ఉన్నట్టే ఉండనీ."

"మీ తమ్ముడా?"

తలూపినాను. ఇంకేం చెప్పేది?

ప్యాసింజరు రైల్లో ధర్మవరం వచ్చి తలుపు కొట్టినాను. అక్క తీసింది. చిక్కిపోయింది. వెనక పడసాలలో రాజేశ్వరమ్మత్త చేటలో బియ్యం ఏరుతూ తలెత్తింది.

"ఎవురమ్మే?"

నేను ఫోటో కవరు అక్కకు చాపినాను. పై అంచులోంచి పిల్లోని నుదురు కనబడింది. అక్క అత్తకు కనబడకుండా కవరును కుచ్చిళ్ళలో దోపుకుంది. నా వేళ్ళను గట్టిగా పట్టుకుని వదిలింది. ఆ తర్వాత వీధికంతా వినబడేట్టు అరిచింది.

"మళ్ళీ ఎందుకొచ్చినావే? నా కొడుకును మింగింది చాల్లేదా? ఇంక ఈ గడప తొక్కొద్దు!"

ఆమె కండ్ల నీళ్ళు గడ్డం దాకా కారుతున్నాయి. ఒక చేయి నడుము దగ్గర కవరును అదిమి పట్టుకునే ఉంది. రెండో చేత్తో నా ముఖం మీదనే తలుపేసింది.