ఊపిరి బిగబట్టిన చొక్కా

మాస్టారి టైలరింగ్ షాపులో చేరి ఏడు నెలలైనా ఆమె చేతికి పెద్ద కత్తెర రాలేదు. గుండీలు కుట్టింది, కాజాలు తీసింది, మెషిను మీద పొడుగాటి కుట్లన్నీ వేసింది. బట్ట కత్తిరించే బల్ల దగ్గరికి మాత్రం సుద్దముక్క అందించడానికే వెళ్లేది.

"బట్ట కోసే ముందు మనిషి తెలియాలి, అమ్మాయ్," అనేవారు మాస్టారు, కళ్లజోడు పైనుంచి చూస్తూ.

"టేపు పెడితే తెలిసిపోతాడు కదండీ. నేను డిగ్రీలో లెక్కలు చదివాను."

పక్కన కూర్చున్న కాజాలక్క సూది ఆపి నవ్వేది. ఇరవై ఏళ్లుగా కాజాలు తీస్తున్న ఆవిడకి షాపులో వేరే పేరు లేదు. "విన్నారా మాస్టారూ, మనమంతా ఇన్నాళ్లూ లెక్క తెలియకుండానే కుట్టేశాం."

ఆమెకు పెళ్లై సరిగ్గా రెండు నెలలైన రోజున మాస్టారు పరీక్ష పెట్టారు. "మీ ఆయనకి చొక్కా కుట్టు. కొలతా నీదే, కోతా నీదే. వచ్చే శనివారం తొడిగించి తీసుకురా. ఒక్క కుట్టు కూడా విప్పక్కర్లేకపోతే సోమవారం నుంచి కత్తెర నీది. లేదంటే ఇంకో ఆరు నెలలు కాజాలే."

ఆ సాయంత్రం ఆమెకు నేల మీద కాళ్లు ఆనలేదు. లేత నీలం మీద సన్నటి తెల్ల గీతల బట్ట తెచ్చుకుంది. ఇంటికి వెళ్లాక దాన్ని రెండుసార్లు విప్పి చూసి, రెండుసార్లు మడిచింది.

ఆదివారం పొద్దున కిటికీ పక్కన భర్తని నిలబెట్టింది. అతను పోస్ట్‌మ్యాన్. రోజుకి నాలుగు వందల గడపలు తొక్కే మనిషి, ఆమె చెప్పిన చోట బుద్ధిగా నిలబడ్డాడు. ఛాతీ చుట్టూ టేపు తిప్పడానికి ఆమె దగ్గరికి జరిగితే తల వెళ్లి అతని గడ్డానికి తగిలింది. అతని దగ్గర సబ్బు వాసన వచ్చింది. టేపు జారిపోయింది.

"కదలకు."

"కదిలిందెవరు? నువ్వే నవ్వుతున్నావ్."

మూడుసార్లు కొలిచింది. మూడుసార్లూ నలభై అంగుళాలే వచ్చింది. మూడుసార్లు ఒకే జవాబు వస్తే ఇంక అనుమానం దేనికి?

శుక్రవారం సాయంత్రం, ఆమె షాపులో కుట్టి తెచ్చిన చొక్కా అతను తొడిగి చూసుకున్నాడు. ఛాతీ దగ్గర బట్ట వేలాడింది. కాలరేమో కుడివైపు జరిగిపోయింది. అచ్చం అన్నయ్య చొక్కా వేసుకున్న తమ్ముడిలా ఉన్నాడు. ఆమె మంచం అంచు మీద కూలబడింది.

"బాగానే ఉందిగా," అన్నాడతను అద్దంలో చూసుకుంటూ. "గాలి ఆడుతోంది."

"మూడుసార్లు కొలిచాను." ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంట్లో మెషిను లేదు, షాపు మూసేశారు, విప్పి కుట్టే దారి లేదు. "అయిపోయింది. ఆరు నెలలు కాజాలే."

అతను పక్కన కూర్చున్నాడు. "రేపు నేను చూసుకుంటాలే," అన్నాడు.

"నువ్వేం చూసుకుంటావ్?"

"చూద్దువుగా."

మర్నాడు షాపు మెట్లు ఎక్కేదాకా అతను మామూలుగానే ఉన్నాడు. గుమ్మం దాటి లోపలికి వచ్చాక ఆమె అతని వంక తిరిగి చూసింది. చొక్కా అతనికి అతికినట్టు సరిపోయింది. ఛాతీ మీద ఒక్క ముడత లేదు. రాత్రికి రాత్రే బట్ట కుంచించుకుపోయిందా ఏమిటి?

"రావయ్యా అల్లుడూ," అన్నారు మాస్టారు. ఆమెని కూతురిలా చూసుకునే ఆయనకి ఈ వరుస కలపడం సరదా. "భోంచేశావా?"

అతను తల ఊపాడు.

"ఉద్యోగం బాగుందా?"

మళ్లీ తల ఊపాడు. చెవులు ఎర్రబడ్డాయి.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. తీరిగ్గా మళ్లీ పెట్టుకున్నారు. "అవునూ, నువ్వు ఉత్తరాలు పంచేది ఏయే వీధుల్లో?"

దానికి తల ఊపితే సరిపోదు. అతను ఒకసారి ఆమె వంక చూశాడు. బుగ్గలు ఉబ్బాయి, మెడ నరాలు తేలాయి. చివరికి బుస్సుమని ఊపిరంతా వదిలేశాడు. దాంతోపాటే చొక్కా కూడా గాలి తీసిన బెలూన్‌లా కిందికి వాలింది.

కాజాలక్క నవ్వు ఆపుకోలేక ఒళ్లో బట్ట పక్కన పడేసింది. చొక్కా కుట్టిన ఆమెకు మాత్రం సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఆవిడ తప్పు లేదండీ మాస్టారూ," అన్నాడతను ఆయాసపడుతూ. "కొలిచినప్పుడు కూడా నేను ఇలాగే నిలబడ్డాను."

"ఎందుకయ్యా?"

"తెలీదండీ. అంత దగ్గరగా వచ్చిందిగా. ఊపిరి దానంతటదే ఆగిపోయింది."

కాజాలక్క నవ్వు ఆగింది. మాస్టారు మాత్రం మెడలో టేపు తీసి ఆమె చేతిలో పెట్టారు. "ఇప్పుడు కొలువు. ముందు ఏదైనా అడుగు. జవాబు పొడుగ్గా ఉండే ప్రశ్న అడగాలి. మాట్లాడేవాడు ఊపిరి బిగబట్టలేడు."

ఇంట్లో నువ్వు అనే మనిషిని షాపులో మీరు అనాలి. ఆమె గొంతు సవరించుకుంది. "ఏమండీ, మీ బీటులో మొదటి ఇల్లు ఎవరిదండీ?"

అతను చెప్పడం మొదలుపెట్టాడు. మొదటి ఇల్లు పళ్ల డాక్టరుది. రెండో ఇంటి కుక్కకి పోస్ట్‌మ్యాన్ అంటే కోపం, పార్సిల్ అంటే ప్రేమ. మూడో ఇంటి ముసలావిడకి ఉత్తరాలు రావు. అయినా రోజూ గేటు దగ్గర నిలబడుతుంది కాబట్టి అతను రోజూ ఆగి, ఈ రోజు ఏమీ లేవమ్మా అని చెప్పి వెళ్తాడు. ఆ సంగతి ఆమె ఎప్పుడూ వినలేదు. వింటూనే టేపు తిప్పింది. ముప్పై ఎనిమిది.

తర్వాత వెనక్కి వెళ్లి భుజాల మీద టేపు పెట్టింది. ఒక్క క్షణం ఆగి, కుడిభుజం మీద అరచేయి ఆనించింది.

"మాస్టారూ, ఈ భుజం అరంగుళం కిందికి ఉందండీ."

"ఎందుకు?"

"ఉత్తరాల సంచీ ఇటే వేసుకుంటారు." రెండు నెలలుగా ఆ భుజం మీదే తల పెట్టుకుని పడుకుంటోంది. ఒక్కసారీ గమనించలేదు. "కాలర్ అందుకే జరిగింది."

మాస్టారు బల్ల దగ్గరికి వెళ్లి సుద్దముక్క వెతుక్కున్నారు. "పెళ్లైన కొత్తలో మా ఆవిడకి కోటు కుట్టాను," అన్నారు అటు తిరిగే. "ఇద్దరు పట్టేంత వచ్చింది."

"మరి ఏం చేశారండీ?"

"ఏం చేస్తాం? ఇద్దరం కప్పుకున్నాం." ఆయన సుద్ద తెచ్చి ఆమెకి ఇచ్చారు. "కుట్లు విప్పి సరిచెయ్. ఎక్కువ ఉన్న బట్టని తగ్గించడమేగా, అదృష్టవంతురాలివి."

"కుట్లు విప్పితే... ఆరు నెలలు కదండీ."

"ఛాతీ సంగతి నేను చెప్పాను. భుజం సంగతి ఎవరు చెప్పారు నీకు? సోమవారం పెందలాడే రా. కత్తెరకి పదును పెట్టించి ఉంచుతాను."

సోమవారం అతను ఆ నీలం చొక్కాతోనే డ్యూటీకి వెళ్లాడు, హాయిగా ఊపిరి పీలుస్తూ. షాపుకి వచ్చిన మొదటి మనిషి బ్యాంకు గుమాస్తా. ఆమె టేపు తీయగానే పొట్ట లోపలికి లాక్కుని సైనికుడిలా నిలబడ్డాడు. ఆమె తొందరపడలేదు. టేపుని తన మెడలోనే ఉంచుకుంది.

"అయితే సార్, మీకు పెళ్లెలా కుదిరింది?"

ఆయన ఒకసారి కాజాలక్క వంక, ఒకసారి మాస్టారి వంక చూశాడు. "అదా... అదో పెద్ద కథమ్మా," అన్నాడు. ఆయన పొట్ట మెల్లగా తన చోటికి తాను వచ్చేసింది.