ఒకే ఇంటిపేరు మాటలు

నెల్లికుదురు బడిలో భద్రయ్య సార్ ఇంగ్లిషు చెప్పే పద్ధతే వేరు. నైట్, లైట్, రైట్, ఫైట్ అన్నింటికీ చివర ఐ జీ హెచ్ టీ ఉంటుంది కాబట్టి ఇవన్నీ ఒకే ఇంటిపేరు వాళ్లనేవాడు. అర్థాలతో సహా ఆయన చదివితే పిల్లలు గొంతెత్తి అందుకునేవారు. బడి గోడ పక్కనే ఇల్లు. అక్షరం ముక్క రాని భార్య వెంకటనర్సమ్మకు కూడా ముప్పై ఏళ్లలో ఆ పాఠం నోటికి వచ్చేసింది. కూరలో ఉప్పెక్కువైందని ఆయన గొణిగితే, "ఫైట్ అంటే కొట్లాట, ఎర్కేనా సారూ" అని దెప్పేది.

రిటైరైన మూడో ఏట పక్షవాతం వచ్చి కుడివైపు చచ్చుబడింది, మాట పడిపోయింది. దారిన పోయేవాళ్లను కూడా ఆపి కబుర్లాడే మనిషి గోడ వైపు చూస్తూ పడుకున్నాడు. ఆమెకు ఇల్లంతా బోసిపోయింది. తిట్టయినా సరే, ఆయన నోటి వెంట ఒక్క మాట వింటే చాలనుకునేది.

నాలుగో నెలలో పాత శిష్యుడు సురేందర్ చూడటానికి వచ్చాడు. మంచం పక్కన కూర్చుని, ఏం మాట్లాడాలో తోచక, "సార్, నైట్ అంటే?" అన్నాడు.

"రాత్రి," అన్నాడు భద్రయ్య. అక్కడితో ఆగలేదు. "లైట్ అంటే వెలుగు. రైట్ అంటే కుడి. ఫైట్ అంటే కొట్లాట. సైట్ అంటే చూపు." స్పష్టంగా, బడిలో చెప్పినట్టే.

"సారుకు మాటొచ్చిందమ్మా," అన్నాడు సురేందర్.

వెంకటనర్సమ్మ వాడకట్టంతా చక్కెర పంచింది. పిచ్చితల్లి, ఒక్క రోజుకే అంత సంబరపడిపోయింది.

మర్నాడు కూతురు తిరుమల ఇద్దరినీ మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు గ్లాసు చూపించి ఇదేమిటని భద్రయ్యను అడిగాడు. పెదవులు ఆడాయి గానీ మాట రాలేదు. కూతురి పేరు అడిగినా అంతే.

"గా పాఠం ఏండ్ల తరబడి చెప్పి చెప్పి అలవాటైంది. పాట లెక్క అదే నడుస్తది," అన్నాడు డాక్టరు. "సొంత మాట వేరేనమ్మా. గా మాట వస్తదని నేను చెప్పలేను."

"గిన్ని వచ్చినయి గదా, మిగిలినయి రావా సారూ?" అంది ఆమె. డాక్టరు తల వంచుకుని మందులు రాశాడు.

పది రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం భద్రయ్య ఎడమ చేత్తో ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "నైట్ అంటే రాత్రి," అన్నాడు తొందరగా. నీళ్లిచ్చింది, తల తిప్పేశాడు. దిండు సర్దింది, అదీ కాదు. "లైట్ అంటే వెలుగు," అన్నాడు ఇంకా గట్టిగా, కళ్ల వెంట నీళ్లు కారుతుండగా. నలభై ఏళ్లు కాపురం చేసిన మనిషి ఏం అడుగుతున్నాడో ఆమెకు తెలియలేదు. అది ఆమెను నిలువునా కోసింది.

"నొస్తుందా? తిరుమలను పిలవమంటవా? ఏందో జర చెయ్యితోనన్న జూపు."

ఆయన పట్టు వదల్లేదు. "రైట్ అంటే కుడి."

ఆమె మంచం పట్టె మీద కూర్చుంది. "చెప్పు, ఇంటున్న," అంది. ఆయన చివరిదాకా చెప్పాడు. ఆమె ఒక్కో మాటకూ ఊ కొట్టింది. అయిపోయాక, అర్థమైందా అన్నట్టు ఆమె ముఖంలోకి ఆశగా చూశాడు.

"సమజైంది," అని అబద్ధమాడింది వెంకటనర్సమ్మ.

ఆయన ఆమె చేయి వదిలి, నిమ్మళించి కళ్లు మూసుకున్నాడు.