గాలి మ్రింగిన గొట్టము

ఓ పంపకముల పెద్దలారా! ఉచితమని చాటించి పూలదండలు వేయించుకొని కడలియొడ్డు పల్లెలకుఁ బడవపంపులు పంచిపెట్టిన మహానుభావులారా! యంత్రమునకుఁ బచ్చరంగు పూసితిరి గాని దానికిఁ దగిలించిన రబ్బరు గొట్టమును ఒక్కమాఱైనను వంచి చూచితిరా? దాని మెడకుఁ జుట్టిన యినుపపట్టీ ఉప్పుగాలికి ఒక్క వానకాలమైనను నిలుచునా యని పడవవాని నెవ్వనినైనను అడిగితిరా? అడుగలేదు. ఏల యడుగుదురు? మీరు ఒడ్డున దండలు వేయించుకొనువారే గాని పడవ యెక్కువారు గారు. ఎక్కువాఁడు దండాసి. అతని కథ వినుఁడు. సిగ్గు కలిగిన మంచిదే, కలుగకున్నఁ గడవఱకును వినుఁడు.

జ్యేష్ఠాంతమున నైరృతిమారుతశీకరశీతలంబును దరుణారుణకిరణరంజితతరంగమాలికాశోభితంబును నగు నొక ప్రాతఃకాలమున, వేఁటనిషేధము తీఱిన తొలిదినమగుటఁ జేసి, వంశధార కడలిఁ గలియుచోటికి దక్షిణమున నున్న గుల్లలపేట పడవలన్నియుఁ బసుపుకుంకుమలు పూసికొని తిరునాళ్ళకుఁ బోవు పడుచులవలె నొండొంటిని రాచికొనుచు నలలపైఁ బరుగులిడి దిగంతరేఖయందు నల్లని చుక్కలై కలసిపోయెను. ఒక్క పడవ మాత్రము పోలేదు. మోకాలిలోఁతు నీట మూఁతి ముడుచుకొని యది నిలిచియుండెను. అది దండాసి పడవ.

దాని ముక్కున 'కారమ్మతల్లి' యని యెఱ్ఱని యక్షరములు గలవు. అది యమ్మవారి పేరని దండాసి యడిగినవారికెల్లఁ జెప్పును. గుల్లలపేటలో నా పేరుగల యమ్మవారు లేదు. ఆ పేరుగల దండాసి భార్య మాత్రము కలదు. ఊరెల్ల నెఱిఁగిన యీ రహస్యమును దండాసి యొక్కఁడే భద్రముగాఁ గాపాడుచుండెను.

వార్ధకజర్జరంబైన యా కఱ్ఱపడవ యడుగున నీరూరక మానదు. ఊరిన నీటిని ఇంజను త్రిప్పు పంపు తోడి వెలికిఁ బోయక మానరాదు. పంపు పనిచేయనిచోఁ గడలికిఁ బోవుట చావునకుఁ బోవుట, పోకుండుట సావుకారి పడవపైఁ గూలికిఁ బోవుట. సావుకారి మనిషి యప్పుడే వచ్చి "మధ్యాహ్నపు పోటునకు మా పడవ లేచును మామా! వల లాగుట కొక చోటు నీకై యుంచితిమి" అని పండ్లికిలించి పోయెను. పుట్టి బుద్ధి యెఱిఁగిననాఁటి నుండి తన చుక్కాని తానే పట్టినవాఁడు సాయంకాలమునకు ఒరుని కేకకు వల లాగవలెనా? దండాసి గుండెలో నున్న ములు కదియే.

అతఁడు పడవల పాలిటి వైద్యుఁడు. నీరు కాఱినచోట దూదియు నూనెయుఁ జేర్చి నూఱిన గుగ్గిలమును గ్రుక్కి మూయుట యతని తాతలనాఁటి విద్య. నీటిని వెలికిఁ జిమ్ము గొట్టపుఁ గీలు చిటచిటఁ గాఱుచుండఁగా దానికి గుగ్గిలము పెట్టెను. కాఱుట మానెను గాని పంపు తోడదు. గుడగుడమని యఱచును, ఉమ్మివేసినంత నీరు విడుచును, మఱల నఱచును. అడుగునుండి నీటిని బీల్చు రెండవ గొట్టపుఁ గీలు చూడఁగా నొక్క బొట్టును గాఱుట లేదు. కాఱనిదానికి రోగమేమి? తడి కనఁబడినచోటనే చిల్లి యుండుననుట కడలివాండ్ర కందఱకు నున్న నమ్మకము. కావున నతఁడు మందు పెట్టిన కీలునకే మఱల మఱల మందు మెత్తి దానిని వినాయకచవితి యుండ్రమువలె లావు చేసెను.

ఒడ్డున గంజికుండ దింపుకొని నిప్పుకొన నోటిలోనికిఁ బెట్టి యడ్డపొగ త్రాగుచున్న కారమ్మ చుట్ట తీసి పలికెను.

"మావా! ఆ గుగ్గిలమంతయు నీవే తినినను గడుపైన నిండెడిది."

"నీ నోట నా కొఱవి యున్నంతకాలము నాకు శుభము లేదు. ఆ పాడు చుట్టను బాఱవేయుము."

"పాఱవేసినఁ బంపు తోడునా? ప్రమాణము చేయుము. కట్టయంతయు నీటఁ గలిపెదను."

దండాసి కట్లు ప్రమాణము చేయ ధైర్యము చాలలేదు. "ఆఁకలగుచున్నది, కుండ తెమ్ము" అని మాట మార్చెను.

"నేనెట్లు తెత్తును? ఆఁడుది కాలిడినఁ బడవకు మైల యని మీ పెద్దలే గదా చెప్పిరి! నా పేరు నొసటఁ బెట్టుకొన్న పడవకు నా పాదము చేఁదయ్యెనా?"

"అది అమ్మవారి పేరు."

"అమ్మవారే గంజి తెచ్చినది. చేయి యిమ్ము."

దండాసి యొడ్డు వంకఁ జూచెను. సావుకారి మనిషి కనుమఱుఁగయ్యెను, పీతలు తప్ప సాక్షులు లేరు. పెండ్లినాఁడు పట్టిన చేతినే మఱల బట్టి యామెను బైకి లాగికొనెను. పడవ కొంచె మొఱగెను గాని మునుఁగలేదు.

కుండ దింపి కారమ్మ పంపుచెంతఁ జతికిలఁబడి చుట్ట మఱల నోటఁ బెట్టెను. దండాసి మఱల నింజను త్రిప్పెను. పంపు గుడగుడ లాడఁగా నామెకు నవ్వు వచ్చి నోటఁ బట్టియున్న పొగయంతయు గుప్పున వెడలెను. ఆ పొగ పైకి లేవలేదు, గాలికి చెదరలేదు. తడిలేక నిర్దోషియై నిలిచియున్న పీల్చు గొట్టపుఁ గీలువంకకు వంగి సన్ననై పుట్టలోఁ దూఱు పామువలె దానిలోనికిఁ బోయెను.

"మావా! నీ గొట్టము నాకంటె నెక్కువ చుట్ట త్రాగుచున్నదే!"

దండాసి నోరు తెఱచెను. నీరు వెలికిఁ గాఱు చిల్లిని అతఁడెఱుఁగును, పడవలోనికి వచ్చు చిల్లినెఱుఁగును. గాలి లోనికిఁ బోవు చిల్లి యొకటి కలదనియు, నది కాఱక తడియక దొంగవలె పంపు బలమునంతయు మ్రింగుననియు నతఁ డెఱుఁగఁడు. ఇంజను నాపి పట్టీని విప్పఁబోఁగా నది యప్పటికే మర తెగి యూరక తిరుగుచుండెను. దాని క్రింద గొట్టము చుట్టును నెఱ్ఱెలు వాఱియుండెను. కుళ్ళిన కొనను వలకత్తితోఁ గోసి పాఱవైచి మిగిలినదానిని బంపు మెడకుఁ దొడుగఁబోవ నది బిఱుసై యెక్కదు. దండాసి నెట్టెను, తిట్టెను, దాని తయారీదారుల యేడు తరముల నుద్ధరించెను.

"తిట్టినఁ గరఁగుటకు అదియేమి నీ భార్యయా?" అని కారమ్మ యా గొట్టపుఁ గొనను వేఁడిగంజిలో ముంచి పట్టెను. కొంతసేపటికి రబ్బరు మెత్తనయ్యెను. దండాసి దానిని మెడ మొదలంట దొడిగెను. పనికిమాలిన పట్టీకి మాఱుగా వలత్రాటిని జుట్టి, ఆమె యొక కొనయు నితఁడొక కొనయుఁ బట్టి, పాదములకుఁ బాదములు తన్ని పెట్టి, పండ్లు బిగఁబట్టి లాగి ముడివేసిరి. దండాసి యింజను త్రిప్పఁగాఁ గారమ్మ మఱల పొగ యూఁదెను. ఈసారి పొగ సోమరియై తేలి పైకిఁ బోయెను. పంపు ఒక్కమాఱు దగ్గి భుజమంత లావు నీటిధారను గడలిలోనికిఁ జిమ్మెను.

దండాసి గంజి త్రాగి యామెను జేతులపై నెత్తి నీట దింపెను. త్రాటికట్టును దడవి చూచి "ఇది యొడ్డు కనఁబడు దూరమునకే నిలుచును. లోతునకుఁ బోను" అనెను. పిమ్మట గొంతు సవరించుకొని "చుట్టలింక నున్నవా?" అని యడిగెను.

"ఏల? పాఱవేయుటకా?"

"ఒకటి యిమ్ము. పంపు అడిగిన నేమి చేయుదును?"

ఆమె యిచ్చిన చుట్టను దలపాగలో దోఁపికొని యతఁడు చుక్కాని పట్టెను.

"సాయంకాలము అమ్మవారికిఁ గోనెముచేఁప నైవేద్యము!"

"అమ్మవారు పులుసు గాని ముట్టదు! చింతపండు నానఁబెట్టెదను. వేగమే రమ్ము!"

పంపకముల పెద్దలారా! దండాసి పోయెను, ఒడ్డు కనఁబడు దూరముననే వల వైచుచున్నాఁడు. కోనెముచేఁప యుండునది లోతున. అతనిని లోతునకుఁ బోనీయక పట్టియున్నది కడలి గాదు, మీ గొట్టము. ఒక ముసలి దంపతుల యనురాగమే మీ యంత్రమునకుఁ బట్టీ కావలెనా? తుపానులు లేవకమునుపే ఉప్పు తినని పట్టీలును నెఱ్ఱెవాఱని గొట్టములును బ్రతి పడవకుఁ దెచ్చి యీ యిసుకపైఁ బెట్టుఁడు. దండలు వలదు, ఫోటోలు వలదు. తేకున్న గుల్లలపేట యాఁడువారందఱును జుట్టలు ముట్టించి మీ కచ్చేరీ వాకిటఁ గూర్చుందురు. తలుపులు మూసికొన్నను మేలే. ఏ కీలున నేమి మ్రింగఁబడుచున్నదో పొగ చెప్పును. గొట్టములు తెండు!