ఒంటి చేతి గ్లవ్

రోవెనాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే: ఏదో ఒక రోజు తన చేత్తోనే తన కూతురికి విషం పెట్టేస్తుందేమోనని. కావాలని కాదు, తెలివితక్కువతనంతో. ఆ సరుకు తన దగ్గర ఎప్పుడూ నిల్వ ఉంటుందని ఆమెకు గట్టి నమ్మకం.

అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం కూడా అలాంటిదే. అమెరికాలోని మాడిసన్‌లో, యూనివర్సిటీ ప్రయోగశాలలో గాజుసామాను కడగడం. కూతురు జూనిపర్ కడుపులో పడగానే కాలేజీ మానేసిన రోవెనా, చివరికి చదువుల గుమ్మం దాటింది, సింకు దాకా.

ఆ మధ్యాహ్నం పరిశోధన విద్యార్థి ఆండర్స్ కేకేశాడు. "రోవెనా, హాలు చివర ఫ్రీజర్లో చిన్న తెల్ల డబ్బా ఉంది, తెచ్చిపెడతావా? ఒంటి గ్లవ్ మర్చిపోకు!"

హాల్లో నడిచేటప్పుడు అక్కడ అందరూ ఒక చేతికే గ్లవ్ వేసుకుంటారు. ఎందుకో రోవెనా ఎవరినీ అడగలేదు. అడిగితే చదువు ఎక్కడ ఆగిందో బయటపడుతుంది. తనే అర్థం చెప్పుకుంది. లోకంలో తలుపు పిడి కంటే మురికి వస్తువు లేదని ఏ తల్లికి తెలియదు? కనుక గ్లవ్ వేసిన చేత్తో తలుపులు తీసింది, ఉత్త చేత్తో డబ్బా పట్టుకుంది. కాస్త గర్వంగా కూడా నడిచింది.

డబ్బా మీద పుర్రె బొమ్మ. దాని మీది మంచు కరిగి అరచేయి తడిసింది.

"ఏంటిది?"

"ఫలాయిడిన్. మనుషుల్ని చంపే పుట్టగొడుగు ఒకటుందిలే, అందులోంచి తీస్తారు. కణాల లోపల సన్నటి దారాలుంటాయి, వాటిని పట్టుకుని వదలదు. దీనికి రంగు కలిపి ఉంటుంది కాబట్టి ఆ దారాలు పచ్చగా వెలుగుతాయి. భలే ఉంటుంది చూడ్డానికి."

రోవెనా భలే అనుకుంది. చేతికి శానిటైజర్ రాసుకుంది. పిల్లల కేంద్రం నుంచి జూనిపర్‌ని తీసుకుని బస్సెక్కింది. పళ్ళొస్తున్న పిల్ల అమ్మ బొటనవేలు దొరకబుచ్చుకుని చీకుతోంది. ముక్కు తుడుద్దామని కాగితం కోసం కోటు జేబులో చెయ్యి పెడితే గ్లవ్ తగిలింది. అప్పుడు వెలిగింది. పుర్రె బొమ్మ ఉన్నది తలుపు మీద కాదు. డబ్బా మీద. గ్లవ్ చెయ్యి డబ్బాకి, ఉత్త చెయ్యి తలుపులకి.

వేలు లాగేసుకుంది. పిల్ల ఏడుపు. ఇంతకుముందు చాలాసార్లు చేసిన నంబరుకే ఫోను చేసింది.

"విష సహాయ కేంద్రం, లూయెల్లాని..."

"లూయెల్లా గారూ, నేను..."

"రోవెనా! ఈసారేం మింగింది తల్లీ? పోయినసారి రంగు పెన్సిలు."

"నా బొటనవేలు."

"తెగిందా?!"

"లేదమ్మా, చీకింది. దాని మీద విషపు పుట్టగొడుగు మందు ఉందేమోనని..."

లూయెల్లా గొంతులో నవ్వు ఆగిపోయింది. "పాప ఎలా ఉంది? ఏడుస్తోందా? మంచిదే, ఏడవనీ. ఆ మందు సీసా తెరిచి ఉందా, అందులో ఎంత ఉందో ఆ మందు గలవాళ్ళని అడిగి వెంటనే చెప్పు. వాంతులైతే మాత్రం నేరుగా ఆసుపత్రికి."

రోవెనా తర్వాతి స్టాపులో దిగి ఎదురు బస్సెక్కింది.

హాల్లో బెంచీ మీద కూర్చుని వేయించిన చీజు ముక్కలు తింటున్న ఆండర్స్ అంతా విన్నాడు. నవ్వలేదు. నవ్వితే బాగుండేది.

"నువ్వు తెచ్చేటప్పటికి డబ్బాలోని సీసాల మూతలన్నీ బిగించే ఉన్నాయి. అయినా సీసా మొత్తానికి చచ్చేది ఒక దోమ."

"నా కూతురు దోమ కాదు!"

"సరే పద, దీపం కింద చూద్దాం. ఉంటే వెలుగుతుందిగా."

చీకటి గదిలో ఊదారంగు దీపం వేశాడు. రోవెనా వేలు నల్లగానే ఉంది. జూనిపర్ మెడ కింది గుడ్డ మాత్రం భగ్గున వెలిగింది. రోవెనా కెవ్వుమంది.

"అది సబ్బు, రోవెనా! తెల్లగా మెరవడానికి సబ్బులో ఏదో కలుపుతారు. మనది పచ్చగా ఉంటుంది. ఎన్నిసార్లు ఉతుకుతావు దీన్ని?"

"మూడుసార్లు... రోజుకి."

"అందుకే చంద్రుడిలా ఉంది."

పిల్ల తన వెలుగు చూసుకుని కిలకిలా నవ్వింది. రోవెనాకి కాళ్ళలోంచి భయం దిగిపోయి, ఆ స్థానంలో సిగ్గు ఎక్కింది. దీపం ఆపడానికి ఆండర్స్ చెయ్యి చాపాడు. అతని మూడు వేళ్ళ కొసలు పచ్చగా ఉన్నాయి. చీజు తిన్న వేళ్ళు.

"ఓ," అన్నాడు. "గ్లవ్ విప్పేటప్పుడు అంటుకున్నట్టుంది. పర్లేదులే, దోమంత."

"నువ్వూ దోమవి కాదు," అని రోవెనా అప్పటికే నంబరు నొక్కుతోంది.

"పాప క్షేమం అమ్మా. ఇప్పుడింకొకడు. పరిశోధన చేస్తాడు."

"ఫోను అతనికివ్వు," అంది లూయెల్లా. అతనికి చెప్పింది కూడా కొంచెమే: బహుశా ఏమీ కాదు, చేతులు సబ్బుతో కడుక్కో, కడుపులో తేడా చేస్తే ఆలస్యం చెయ్యకు. ఆండర్స్ చేతులు కడుక్కుని, మిగిలిన చీజు చెత్తబుట్టలో వేసి, నవ్వుకుంటూ ఇంటికి వెళ్ళాడు. ఒంటరిగా ఉంటాడు.

పెద్దవాళ్ళకి కూడా ఒక తల్లి కావాలేమోనన్నది రోవెనా కొత్త భయం. ఇప్పటికి అతనికి చాలాసార్లు ఫోను చేసింది. ఇక ఎత్తడం లేదు. విసుగో, వాంతులో తెలియదు. మీలో ఎవరైనా ఆ వైపు వెళ్తే, సరస్సు పక్క వీధిలో, మెట్ల కింద ఎర్ర సైకిలున్న ఇల్లు. తలుపు తట్టి ఆండర్స్ ఎలా ఉన్నాడో చూడండి. రోవెనా పంపిందని మాత్రం చెప్పకండి. తలుపు పిడిని ఏ చేత్తో ముట్టుకున్నా పర్వాలేదు.