ఆ రొద నాదేనా?

నేను ఒక బేస్ గిటార్ ఆంప్లిఫయర్‌ని. నల్ల రెక్సిన్ తొడిగిన చెక్కపెట్టెను. ముందు ఇనుప జాలీ, దాని వెనక పళ్ళెమంత స్పీకరు, అడుగున మనిషి నడుం పట్టేసేంత బరువున్న ట్రాన్స్‌ఫార్మరు. గిటారు తీగ కదిలినప్పుడు పుట్టే సన్నని కరెంటును అందుకుని, వినేవాళ్ళ రొమ్ములో దడ పుట్టించే లావుపాటి నాదంగా మార్చడం నా పని. ఆ పని నాకు బాగానే వచ్చనుకునేదాన్ని. తర్వాత కొంతకాలం, నా నోట్లోంచి వస్తున్నది ఏమిటో నాకే తెలియకుండా పోయింది. ఆ సంగతే చెప్తాను.

సికింద్రాబాదులో గఫార్ సాహెబు అనే ఆయన తన ఇరుకు వర్క్‌షాపులో నన్ను తయారుచేశాడు. ప్రతి అతుకు మీదా, పసిపిల్ల కంట్లో నలుసు తీసేవాడిలా మెల్లగా ఊదేవాడు. అక్కడి నుంచి నన్ను కాకినాడ తెచ్చుకున్నవాడు త్రినాథరావు. ఒక ఆర్కెస్ట్రాలో బేస్ వాయించేవాడు. పెళ్ళిళ్ళు, వినాయకుడి పందిళ్ళు, కాలేజీ వార్షికోత్సవాలు, అన్నీ తిరిగాను. వేదిక మీద అందరూ పాటగాడినే చూసేవారు. బేస్ వినపడుతోందని ఎవరూ అనుకోరు. ఆగిపోతే మాత్రం పాటకు ఏదో అయిందని తలెత్తి చూస్తారు. మనుషుల తీరు అది.

కొన్నేళ్ళకు ఆర్కెస్ట్రా వాళ్ళు ముందే రికార్డు చేసిన ట్రాకులు పెట్టుకుని పాడటం మొదలుపెట్టారు. త్రినాథరావుకు పిలుపులు తగ్గాయి. ఆయన దగ్గర బేస్ నేర్చుకున్న సలోమి అనే అమ్మాయి ఉండేది. ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసే ఉద్యోగం, ఆదివారాలు చర్చిలో పాట. నన్ను, గిటారును ఆమెకే ఇచ్చేశాడు. ఇంట్లో మూలన పడి ఉంటే చూడలేకపోతున్నానమ్మా, నువ్వన్నా వాయించు అన్నాడు.

అలా ఉప్పుటేరు దగ్గరి చర్చికి వచ్చాను. చర్చికి అప్పుడే కొత్త వేదిక కట్టారు. పాలరాయి, కొత్త లైట్లు, వరసగా ప్లగ్గు సాకెట్లు. ఇదంతా దగ్గరుండి చేయించినవాడు గాయక బృందం పెద్ద, దేవదానం గారు. పోర్టులో పనిచేసి రిటైరైన మనిషి. పాటలో చిన్న తప్పు దొర్లినా కళ్ళు మూసుకుని, నొప్పి వచ్చినట్టు ముఖం పెట్టేవాడు.

మొదటి ఆదివారం సలోమి నా స్విచ్చి వేసింది. నేను గుయ్‌మన్నాను.

పాట కాదు, తీగ కాదు. పాతిక కందిరీగలు ఒకే డబ్బాలో చిక్కుకున్నట్టు ఆగకుండా ఒకటే రొద. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆ నిశ్శబ్దంలో నేనొక్కదాన్నే మోగుతున్నాను. సలోమి గభాలున తీగల మీద అరచెయ్యి వేసింది. రొద చాలావరకు అణిగిపోయింది. చెయ్యి తీస్తే మళ్ళీ లేచింది. ప్రార్థన అయ్యేదాకా ఆమె తీగల మీద చెయ్యి తియ్యలేదు.

నాకు సిగ్గేసింది. అంతకంటే అయోమయంగా అనిపించింది. నేనేమీ అనలేదు, మరి అంటున్నదెవరు?

ఆ తర్వాత మొదలైంది వైద్యం. సలోమి తీగ మార్చింది, తర్వాత కేబుల్ మార్చింది. ట్యూబులైట్లు ఆర్పించింది, ఫ్యాన్లు ఆపించింది, అందరి సెల్‌ఫోన్లూ బయట పెట్టించింది. నన్ను గోడ దగ్గరకు జరిపారు, గోడ నుంచి దూరం జరిపారు. ఒక్కో మార్పుకు నా రొద ఒక్కో రాగం తీసిందే తప్ప ఆగలేదు. గిటారు వెనక రేకు ఊడదీసి లోపల వెండి కాగితం అంటించింది. రొద కొంచెం సన్నబడింది. హమ్మయ్య అనుకునేలోగా మళ్ళీ లావెక్కింది.

మెయిన్‌రోడ్డులో మెకానిక్కు దగ్గరకు తీసుకెళ్ళారు. అతను తన బల్ల మీద నా ప్లగ్గు పెట్టాడు. చప్పుడు లేదు. ఎంతసేపు చూసినా లేదు. దీనికేం రోగం లేదండి అని తిప్పి పంపాడు. చర్చిలో పెట్టగానే గుయ్. రోగి డాక్టరు ముందు బాగుండి ఇంటికొచ్చి మూలుగుతుందని గాయక బృందంలో నవ్వుకున్నారు. ఒక పెద్దావిడ మాత్రం నవ్వలేదు. ఇన్నాళ్ళూ సినిమా పాటలు వాయించిన పెట్టె కదా, దేవుడి పాటలు దానికి పడటం లేదంది. నాలో ఏదో ఉందేమోనని ఆ మాటతో నేనూ భయపడ్డాను. పందిళ్ళలో నేను మోగించిన పాటలన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. వాటిలో అంత పాపం ఏముందో తేలలేదు.

ఒక విషయం మాత్రం నాకు హాయిగా ఉండేది. సలోమి చెయ్యి వేస్తే నేను అణిగేదాన్ని. ఎవరి మాటా వినని నేను ఆమె చేతికి లొంగుతున్నానని, అది ఒకరకమైన ప్రేమని అనుకున్నాను.

ఈస్టరుకు ఇంకా నెలరోజులుంది, పాటల ప్రాక్టీసులు మొదలయ్యాయి. ఈసారికి బేస్ వద్దని దేవదానం గారు సలోమితో అన్నాడు. కోపంగా కాదు, నెమ్మదిగానే. చాలాకాలం కష్టపడి నేర్చుకున్న పని, ఊళ్ళో ఇంకే చర్చిలోనూ ఆడపిల్ల బేస్ వాయించడం లేదు, ఈ ఒక్క ప్రాక్టీసుకు ఉండనివ్వండని ఆమె బతిమాలింది. ఆయన ఒప్పుకున్నాడు.

శనివారం మధ్యాహ్నం ప్రాక్టీసు. చర్చిలో అందరూ చెప్పులు బయట వదిలి వస్తారు. నేల అప్పుడే తడిగుడ్డతో తుడిచారు. పల్లవి అయ్యాక రెండో గొంతు అందుకోవాల్సింది సలోమి. ఎడమచేత్తో తీగలు పట్టుకునే మైకు దగ్గరకు వంగింది.

పెదవి మైకుకు తగలగానే చిటుక్కుమంది. ఆమె వెనక్కి విసిరేసినట్టు పడింది. గిటారు ఆమె మీద పడి, నాలోంచి భయంకరమైన చప్పుడొచ్చింది. దేవదానం గారు, ఆ వయసులో, ఒక్క అంగలో వచ్చి నా ప్లగ్గు పీకాడు. సలోమి లేచి కూర్చుంది. పెదవి కాలింది, ప్రాణానికి ఏమీ కాలేదు.

నన్ను ఈడ్చుకెళ్ళి విరిగిన బల్లలు పడేసే షెడ్డులో పెట్టారు. తుప్పుపట్టిన కుర్చీల మధ్య కూర్చుని నేను ఆలోచించాను. నేను ఆమెను కొట్టానా? కొట్టాలని అనుకోలేదే. మరి రొద చెయ్యాలని మాత్రం ఎప్పుడు అనుకున్నాను?

కొన్నాళ్ళకు సలోమి వచ్చింది. పెదవి మీద పుండు ఇంకా మానలేదు. వెనకే దేవదానం గారు. దీన్ని ఇనప సామాన్లవాడికి ఇచ్చేద్దామని ఆయన అంటుంటే, ఆమె నా మీది దుమ్ము చేత్తో తుడిచింది.

"ఆసుపత్రిలో ఒక్కోసారి పేషెంటు కదలకుండా పడుకున్నా ఈసీజీ గీత వణుకుద్దండి. సన్నగా, రంపం పళ్ళలాగ. అప్పుడు మేం ముందు గుండెని అనుమానించం. కరెంటుని నేలలోకి దింపే ఎర్త్ వైరు ఉందా లేదా చూస్తాం. నిన్న అలాంటి గీతే వచ్చిందండి, అది చూడగానే ఇది గుర్తొచ్చింది."

"షాపులో మోగలేదు కదమ్మా. అంటే ఇక్కడ..."

"అక్కడ ఎర్త్ ఉందండి. ఇక్కడ నేను తీగల మీద చెయ్యేస్తే రొద తగ్గేది కదా. నా చేతిలో ఏదో ఉందనుకున్నానండి." ఆమె తన పాదాలకేసి చూసుకుంది. "చెప్పుల్లేకుండా నేల మీద నిలబడేదాన్ని. ఇన్నాళ్ళూ ఎర్త్ నేనేనండి."

దేవదానం గారు పక్కనున్న విరిగిన బల్ల మీద కూర్చుండిపోయాడు. నాకు కూడా కూర్చోవాలనిపించింది, ఎప్పుడూ కూర్చునే ఉంటాను గానీ. నేను ప్రేమ అనుకున్నది అదా. ఆమె ఒంటిని దారి చేసుకుని నేలలోకి దిగానా.

ఎలక్ట్రీషియనును పిలిపించి వేదిక మీది సాకెట్లు విప్పించారు. ముందువైపు మూడు రంధ్రాలున్నాయి. ఎర్త్ కోసం పెట్టిన మూడోదాని వెనక వైరే లేదు. మైకు సెట్టుకు మాత్రం పాత గదిలోంచి వేరే లైను వచ్చింది, దానికి ఎర్త్ ఉంది. తీగల మీది కరెంటు సలోమి పెదవి మీదుగా దూకింది దానిలోకే. ముందు ఈ వైరింగు చేసినవాణ్ణి ఎలక్ట్రీషియను తిట్టబోతే దేవదానం గారు వారించాడు.

"అతన్నేం అనకండి. కొత్త వేదిక ప్రతిష్ఠ ఆరాధన దగ్గరపడిందని తొందరపెట్టింది నేనే."

నన్నూ విప్పి చూశారు. సముద్రపు తేమకు నా లోపల ఒకచోట కరెంటు సన్నగా కారుతోందట. అది మార్చారు. అంటే తప్పు కొంత గోడది, కొంత నాది. ఎంత ఎవరిదో ఎవరూ విడదీసి చెప్పలేదు, నేనూ అడగలేకపోయాను. చర్చి పక్కన గొయ్యి తవ్వి, ఉప్పూ బొగ్గూ వేసి, పైపు దింపి, కొత్త వైరు లాగారు. వేదిక మీద తిరిగి ప్లగ్గు పెట్టాక, సలోమిని మైకు ముట్టుకోనివ్వకుండా దేవదానం గారు ఎలక్ట్రీషియను చేత మీటరు పెట్టించి, ఆ ముల్లు కదలలేదని తన కళ్ళతో చూసుకున్నాడు. తర్వాత గిటారు తీగలు తానే పట్టుకుని, రెండో చెయ్యి మైకు మీద వేశాడు. ఏమీ కాలేదు. గిటారు ఆమెకు ఇచ్చి, రేపు నువ్వే వాయించాలి అన్నాడు.

స్విచ్చి వేసింది. రొద లేదు. అందరూ నా వైపు చూశారు, నేను వెలగలేదనుకుని. వెలిగే ఉన్నాను. సలోమి రెండు చేతులూ తీగల మీంచి తీసేసి నిలబడింది.

ఇంకా ఏదో సన్నగా వినపడుతోందని దేవదానం గారు అన్నాడు. సలోమి మోకాళ్ళ మీద కూర్చుని నా జాలీకి చెవి ఆనించింది. చాలాసేపు వింది.

"ఇది దీని సొంతమండి. ట్రాన్స్‌ఫార్మరు ఉన్నాక ఇంతమాత్రం ఉంటాది. ఉండనివ్వండి."

మర్నాడు ఈస్టరు పాటల్లో నేను మోగాను, బాగానే మోగానని విన్నాను. అయితే ఇప్పటికీ ప్రార్థన సమయంలో, అందరూ కళ్ళు మూసుకున్నప్పుడు, ఆ సన్నని శబ్దాన్ని శ్రద్ధగా వింటుంటాను. అది నాదేనని ఆమె చెప్పింది. ఆమె మాట మీద నమ్మకంతోనే వింటున్నాను. నా అంతట నేను మాత్రం ఇంకా గుర్తుపట్టలేదు.