గిన్నెలో గ్లైకాల్

చమురు బావి తవ్వేటప్పుడు వాడే బురదలో గ్లైకాల్ అనే రసాయనం కలిపితే, అది లోపలి వేడికి పాలలా తెల్లబడి, బంకమట్టి గోడల్ని ఉబ్బనివ్వదని కెమిస్టు ఎంత చెప్పినా డ్రిల్లరుగా పనిచేసే అతని బావ నమ్మలేదు.

"నీళ్ళు తెల్లబడ్డమేంట్రా? నా చెవిలో పువ్వులు పెట్టకు."

కెమిస్టుకు పౌరుషం పొడుచుకొచ్చింది. క్యాంటీన్ గిన్నెలో గ్లైకాల్ నీళ్ళు పోసి పొయ్యెక్కించాడు. కాసేపటికి అవి తెల్లబడ్డాయి. బావ నోరు వెళ్ళబెట్టాడు. గిన్నె దించి చల్లారబెడుతుండగా వంటమనిషి తొంగిచూశాడు.

"పాలు కాచిపెట్టారా బాబూ," అంటూ టీపొడి కోసం వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి అవి చల్లారి, గిన్నెలో మళ్ళీ తేటనీళ్ళు.

"అవి పాలు కావయ్యా," అన్నాడు కెమిస్టు.

"నేననేదీ అదే బాబూ. ఆ పాలవాడి సంగతి తేలుస్తా," అంటూ వంటమనిషి గరిటె పట్టుకుని బయల్దేరాడు.

గిన్నెలోవి పారబోసే పని బావకప్పగించి, కెమిస్టు పాలవాణ్ణి కాపాడ్డానికి పరుగెత్తాడు.